ఫోను బీరువాలో ఉన్నప్పుడు

దయ్యాలు, ఆత్మలు అన్న మాటలు మా ఇంట్లో వినపడేవి కావు. మా నాన్న లెక్కల మాస్టారు, చర్చిలో సంఘపెద్ద కూడా. నా చిన్నప్పుడు ఎవరింట్లోనో విన్న దయ్యం కథ ఒకటి అన్నాల దగ్గర చెప్పబోతే, నువ్వు చూశావా అని అడిగారు. లేదన్నాను. చూసినవాళ్ళెవరైనా నీకు తెలుసా అన్నారు. అదీ లేదన్నాను. అయితే అన్నం తిను అన్నారు. ఆ విషయంలో నా ఆలోచన ఆ పూటే కుదురుకుంది, ఇప్పటికీ మారలేదు. ఇప్పుడు రాస్తున్నది దయ్యం కథ అని కూడా నేను అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

నా పేరు కరుణ. మేం జగ్గయ్యపేటలో ఉంటాం. మా ఆయనది సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. నేను పేటకి ఆటోలో అరగంట దూరంలో ఉన్న ఒక ఊళ్ళో ప్రభుత్వ పాఠశాలలో టీచర్ని. ఆ ఊరి పేరు రాయను. బడికి పిల్లలు తగ్గుతున్న రోజుల్లో ఇలాంటివి ప్రచారం కావడం మంచిది కాదు.

ఈమధ్య టీచరు ఉద్యోగం సగం ఫోనులోనే ఉంది. పొద్దున్నే గేటు దగ్గర మొహం చూపించి హాజరు వేసుకోవాలి. తర్వాత పిల్లల హాజరు. మధ్యాహ్నం భోజనం ఫొటో, గుడ్డు ఫొటో, మరుగుదొడ్ల ఫొటో. ఇవికాక మండలం గ్రూపు, యూనియన్ గ్రూపు, చర్చి గ్రూపు, చుట్టాల గ్రూపు. ఇంటికెళ్ళాక కూడా ఎవరో ఒకరు ఏదో ఒక వివరం అర్జెంటుగా పంపమంటారు.

కొన్నాళ్ళకి ఫోను బల్ల మీద ఎదురుగా కనపడుతున్నా చేతిసంచీలో మోగినట్టు అనిపించడం మొదలైంది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే రంగురంగుల తెర కనపడేది. కూర తరుగుతూ మెసేజీ చూసి, మళ్ళీ కత్తిపీట దగ్గరికొస్తే ఏం కూర చేద్దామనుకున్నానో గుర్తుండేది కాదు. మా ఆయన నవ్వేవారు. నాకు మాత్రం లోపల ఎక్కడో చిరాగ్గా ఉండేది.

ఒకరోజు మధ్యాహ్నం నుంచీ కరెంటు లేదు. బడి వదిలే వేళకి ఫోను చార్జింగు అయిపోయి ఆగిపోయింది. నేనెక్కే ఆటో ఐదింటికిగాని రాదు. మిగతా టీచర్లు బండ్ల మీద వెళ్ళిపోయారు. చేసేదేం లేక వెనక తరగతి గదిలోకెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను.

ఆ గది కిటికీలోంచి పత్తి చేలు కనపడతాయి. చేల అవతల సున్నపురాయి క్వారీ మట్టిదిబ్బ తెల్లగా కనపడుతుంది. మొదట చెయ్యి మాటిమాటికీ సంచీలోకి వెళ్ళింది. తర్వాత మానుకుంది. నల్లబల్ల మీద పిల్లలెవరో సగం తుడిచిన గుణకారం ఉంది. వరండా దూలం మీద పావురాలు కదులుతున్నాయి. నేనేమీ ఆలోచించలేదు. ఆటో హారన్ వినపడేసరికి నిద్రలేచినట్టు లేచాను. నిద్రపోలేదు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి పప్పు పోపు వేస్తుంటే ఇంగువ వాసన ఎన్నేళ్ళకో తగిలినట్టనిపించింది.

మర్నాటి నుంచి దాన్ని అలవాటు చేసుకున్నాను. ఫోను చేతిలో ఉంటే చూడకుండా ఉండలేనని తెలుసు కాబట్టి, బడి వదలగానే స్విచ్ ఆఫ్ చేసి, ఆఫీసు గదిలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. తాళంచెవి నా పర్సులో. హెడ్మాస్టరు గారికి చెప్పాను. ఆయన పెద్దాయన, మరో ఏడాదిలో రిటైరవుతారు. "మంచి పని చేస్తున్నారమ్మా, నాకూ చెయ్యాలనే ఉంది, మా ఆవిడ ఒప్పుకోదు" అన్నారు. ఆయన వెళ్ళిపోయాక ఆ గంట నాదే. ఎవరికీ అందకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా కూర్చునేదాన్ని. ఆటో వచ్చే ముందు బీరువా తీసి ఫోను ఆన్ చేసుకునేదాన్ని. ఎవరైనా చేసి ఉంటే మిస్డ్ కాల్ అని మెసేజీలు వచ్చేవి. వాటిలో కంటబడినవాళ్ళకి ఇంటికొచ్చాక చేసేదాన్ని.

కొన్ని వారాలు ఏ గొడవా లేకుండా గడిచాయి.

మొదటి సంగతి మా ఆయనతోనే వచ్చింది. ఒకరోజు ఆయన డ్యూటీ దిగి వచ్చే వేళకని చపాతీలు చేసి పెట్టాను. ఎంతకీ రాలేదు. ఫోను చేస్తే, డబుల్ డ్యూటీ పడిందని సాయంత్రమే చెప్పాను కదా, సరే అన్నావు కదా అన్నారు. నాకు చెప్పలేదన్నాను. మర్నాడు ఇద్దరం ఫోన్లు పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. ఆయన ఫోనులో నాకు చేసిన కాల్ ఉంది, కొద్ది నిమిషాలు మాట్లాడినట్టు కూడా ఉంది. నా ఫోనులో అదే వేళకి ఆయన నంబరు నుంచి మిస్డ్ కాల్ అన్న మెసేజీ ఉంది. మాట్లాడినట్టు లేదు. ఆ వేళకి ఫోను బీరువాలో ఉంది.

ఏం మాట్లాడానని అడిగాను. పెద్దగా ఏం లేదు, వింటున్నా, సరే అన్నావు అన్నారు. ఇంకొంచెం ఆలోచించి, మామూలుగా అయితే డబుల్ డ్యూటీ అనగానే నాలుగు మాటలంటావు, ఆ రోజు ఏమీ అనలేదు, అందుకని కాసేపు షిఫ్టులో గొడవలు కూడా చెప్పుకున్నాను అన్నారు. నెట్‌వర్కు తిక్క అయ్యుంటుందని ఇద్దరం అనుకున్నాం. ఎవరితోనో మాట్లాడి నేననుకుని ఉంటారని నేను ఆటపట్టించాను కూడా.

తర్వాత కొద్దిరోజులకి మా తరగతిలో ఒక పిల్ల తల్లి పొద్దున్నే బడికి వచ్చింది. పత్తి తీతకి వెళ్ళే మనిషి. ఇంటాయన తాగుడు సంగతి ఎవరితోనూ చెప్పుకోలేక నిన్న సాయంత్రం మీకు ఫోను చేశాను, విసుక్కోకుండా విన్నారు, గుండె బరువు దిగింది మేడం అంది. నిన్న సాయంత్రం నేను పత్తి చేలు చూస్తూ కూర్చున్నాను. ఆమె మొహం చూసి కాదనలేకపోయాను. పనికి పోయే తొందర్లో ఉంది, దండం పెట్టి వెళ్ళిపోయింది.

అప్పుడు మా ఆయన దీన్ని కొంచెం పట్టించుకున్నారు. ఆయనకి యంత్రాల మీద నమ్మకం ఎక్కువ. ఏ లోపమైనా ఎక్కడో ఒక చోట దొరుకుతుందంటారు. పేటలో సెల్ షాపు అతని దగ్గరికి తీసుకెళ్ళారు. అతను ఏవో అంకెలు నొక్కి, నా నంబరు వేరే నంబరుకి మళ్ళించి ఉందేమో చూశాడు. లేదు. సిమ్ము కంపెనీ వాళ్ళ దగ్గరికీ వెళ్ళాం. నా పేరు మీద ఒకటే సిమ్ము ఉందని, డూప్లికేటు ఏదీ ఇవ్వలేదని చెప్పారు. మా ఆయన ఓ నాలుగు రోజులు ఆ గంటలో కావాలని నాకు ఫోను చేసి చూశారు. ప్రతిసారీ స్విచ్ ఆఫ్ అనే వచ్చింది. ఇంక అయిపోయిందిలే, ఏదో కంప్యూటరు తప్పు, సర్దుకుంది అన్నారు.

ఇక్కడ మా రూతు గురించి చెప్పాలి. రూతు మా పిన్ని కూతురు, నాకంటే ఆరేళ్ళు చిన్నది. నందిగామలో ఉంటుంది. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. కొడుకు విజయవాడలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. ఆమె భర్త ప్రసాదు కరెంటు పని చేసేవాడు. నిరుడు రెడ్డిగూడెంలో ఒక కొత్తింటికి వైరింగు చేస్తూ చేస్తూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోగా పోయాడు.

ప్రసాదు పోయిన కొత్తలో రూతు నాకు తరచూ ఫోను చేసేది. ఆ రోజు పొద్దున అతను ఏం తిన్నాడు, ఏం అన్నాడు, ఏ చొక్కా వేసుకున్నాడు, ఇవే మళ్ళీ మళ్ళీ చెప్పేది. నేను ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని పని చేసుకుంటూ వినేదాన్ని. మధ్యలో ఇంకో ఫోను వచ్చేది. చుట్టాలంతా ఆమెకి ధైర్యం చెప్పేవాళ్ళు, బైబిలు వాక్యం చదువుకోమనేవాళ్ళు, కొడుకుని చూసుకుని బతకమనేవాళ్ళు. నేనూ అవే చెప్పాను. నెమ్మదిగా ఆమె ఫోన్లు తగ్గాయి. తర్వాత లేవు. కోలుకుందని అనుకున్నాను.

నందిగామలో మా చుట్టాలింట్లో ఒక ఆదివారం ప్రార్థన కూడిక జరిగితే వెళ్ళాను. రూతు వచ్చింది. నన్ను చూడగానే ఎదురొచ్చి గట్టిగా పట్టుకుంది. మొహం తేటగా ఉంది. మనిషి కొంచెం ఒళ్ళు కూడా చేసింది. భోజనాలయ్యాక నన్ను పక్కకి తీసుకెళ్ళి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

"అక్కా, నా సోదంతా రోజూ విసుక్కోకుండా వింటన్నావు. మా అమ్మ కూడా ఇట్టా వినలేదు" అంది.

ఆమెతో నేను మాట్లాడి అప్పటికి కొన్ని నెలలైంది. రోజూనా అని అడిగాను. రోజూ సాయంత్రం, నీ బడి అయిపోయాక అంది. ఫోను చూపించమంటే అనుమానం వస్తుందని, నీ ఫోను ఒకసారి ఇవ్వు, మా ఆయనకి చెయ్యాలి, నాది చార్జింగు లేదని తీసుకున్నాను. తెర మీద వరసగా నా పేరే ఉంది. కరుణక్క, కరుణక్క, కరుణక్క. అన్నీ ఆ గంటలోవే. కొన్ని ముప్పావు గంట దాకా ఉన్నాయి. వాటి మిస్డ్ కాల్ మెసేజీలు నా ఫోనుకీ వచ్చే ఉంటాయి, గ్రూపుల మెసేజీల గుంపులో నేను చూసుకోలేదు.

ఫోను తిరిగి ఇచ్చేశాను. అది నేను కాదన్న మాట నోటిదాకా వచ్చింది. రూతు అప్పటికే ఇంకేదో చెప్తూ నవ్వుతోంది. ప్రసాదు పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

పేటకి తిరిగి వచ్చాక మా ఆయనకి చెప్పాను. రేపటినుంచి ఫోను నీ దగ్గరే పెట్టుకో, నువ్వే ఎత్తు, దాంతో తేలిపోతుంది అన్నారు.

అలాగే చేశాను. వెనక గదిలో అదే బెంచీ మీద ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. రూతు చేసింది. నేనే ఎత్తాను, నేనే మాట్లాడాను. శ్రద్ధగా వినాలనే అనుకున్నాను. కానీ చెవి దగ్గర మెసేజీలు టింగుమంటూనే ఉన్నాయి. రూతు ప్రసాదు మాట ఎత్తగానే నాకు తెలియకుండానే ఏదో ఒక ఓదార్పు మాట అడ్డం వేస్తున్నాను. ఆమె కాసేపటికి, పనిలో ఉన్నట్టున్నావక్కా, రేపు చేస్తాలే అని పెట్టేసింది. నాకు ఏ పనీ లేదు. ఖాళీగా కూర్చుని ఉన్నాను. మర్నాడు ఇంకా తొందరగా పెట్టేసింది.

మూడో రోజు ఆమె గొంతు వేరేగా ఉంది.

"నా మీద కోపమొచ్చిందా అక్కా? ముందు మాట్లాడినట్టు మాట్లాడట్లా" అంది.

అదేం లేదన్నాను. ఆమె నెమ్మదిగా అంది: "ఆ శుక్రవారం నువ్వు ఫోను ఎత్తకపోయుంటే నేను ఇయ్యాల ఉండేదాన్ని కాదు. నీకు తెలుసుగా."

తెలుసు అన్నాను. నాకు తెలియదు. ఏ శుక్రవారమో, ఆ రోజు ఆమె ఏం చేసుకోబోయిందో, అటునుంచి ఎవరు ఏం చెప్పి ఆపారో, ఏదీ తెలియదు. అంతా తెలిసినదానిలా ఊఁ కొట్టాను.

ఆ సాయంత్రం మా ఆయనా నేనూ చాలా వాదించుకున్నాం. ఇక దాచకు, వెళ్ళి నిజం చెప్పెయ్యమన్నారు ఆయన. చెప్పాక ఆమె ఏమైపోతుందని నేనడిగాను. ఆ గంటని పట్టుకునే ఆమె నిలబడి ఉంది. అది నేను కాదంటే ఆమెకి మిగిలేదేమిటి? మర్నాడు బడి వదిలాక ఫోను మళ్ళీ స్విచ్ ఆఫ్ చేసి బీరువాలో పెట్టాను. భయం వేయలేదా అంటే వేసింది. అయితే అటు ఎత్తేది ఎవరైనా రూతుకి ఆ మాటలు కావాలనిపించింది. ఆ రాత్రి ఆమె నుంచి మెసేజీ వచ్చింది: ఇవాళ ప్రాణం కుదుటపడింది అక్కా, ఇక హాయిగా పడుకుంటా.

అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఇలా ఎంతకాలం?

చివరికి మా ఆయనే ఒక దారి చెప్పారు. ఆయనకి సెలవున్న రోజు చూసుకుని, నేను మధ్యాహ్నం సెలవు పెట్టి నందిగామ వెళ్ళాలి. ఫోను ఎప్పటిలాగే బీరువాలో ఉండాలి. ఆయన బడిలో బీరువా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. అక్కడ ఏం జరుగుతుందో ఆయన చూస్తారు, ఇక్కడ ఏం జరుగుతుందో నేను చూస్తాను. హెడ్మాస్టరు గారికి, మా ఆయన అక్కడ ఆటో కోసం ఎదురుచూస్తారని ఏదో చెప్పాం. ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆ రోజు ఫోను నేనే ఆఫ్ చేశాను. మా ఆయన చూస్తుండగా బీరువాలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి నాతో తీసుకెళ్ళాను. ఆయన ఫోను కూడా ఇంట్లోనే వదిలి వచ్చారు. ఆయన ఫోను నుంచి ఏదో జరిగిందని తర్వాత అనుమానం రాకూడదని ఆయనే అన్నారు. ఆటోలో పేటకి, అక్కణ్ణుంచి బస్సులో నందిగామకి వెళ్ళాను. చేతిలో ఫోను లేకుండా హైవే మీద బస్సులో కూర్చోవడం చాలా ఏళ్ళ తర్వాత అదే. పక్క సీటులో ముసలావిడ సంచీలో పచ్చిమిరపకాయల ఘాటు, కండక్టరు చిల్లర మోత, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. నేను మామూలుగానే ఉన్నాను. కలగనడం లేదు. ఇది ఎందుకు రాస్తున్నానంటే, తర్వాత ఒకరిద్దరు నన్ను ఆ మాట అడిగారు.

రూతు ఇల్లు బస్టాండు నుంచి కొంచెం లోపలికి, ఒక సందు చివర ఉంటుంది. ముందు చిన్న వసారా. అక్కడే ఆమె మిషను. ఎండ ఇంకా పూర్తిగా తగ్గలేదు. సందులో పిల్లలు సైకిలు తొక్కుతున్నారు. నేను గేటు దగ్గరికి వచ్చేసరికి రూతు మిషను పక్కన నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో సగం కుట్టిన జాకెట్టు. చెవి దగ్గర ఫోను.

ఆమె మాటలు నాకు వినపడుతున్నాయి. "అదేనక్కా. వెళ్ళబోతా గుండీ ఊడిందన్నాడు. చొక్కా ఇప్పటం ఎందుకని ఒంటి మీదే కుట్టేశా. దారం పళ్ళతో తెంపాను. అప్పుడు గుండె కొట్టుకోవటం నా చెంపకి తగిలింది. మామూలుగానే ఉందక్కా."

అంతలో తలెత్తి నన్ను చూసింది.

ఫోను చెవి దగ్గరే ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. నా చేతుల వైపు చూసింది. నా చేతిలో పర్సు తప్ప ఏమీ లేదు. తర్వాత, ఎవరికో అందించమన్నట్టు, ఆ ఫోను నా వైపు చాచింది.

గేటు తీసుకుని వెళ్ళి అందుకున్నాను. తెర మీద నా పేరు ఉంది, కాల్ నడుస్తోంది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

ముందు ఏమీ లేదు. కట్ అయిన ఫోనులో ఉండే నిశ్శబ్దం కాదు. ఖాళీ గదిలో ఉండే నిశ్శబ్దం. అందులో పావురాల రెక్కల చప్పుడు వినపడింది. తర్వాత దూరంగా క్వారీ సైరన్. రాళ్ళు పేల్చే ముందు వాళ్ళు మోగించే సైరన్ అది, నేను బడిలో ఎన్నోసార్లు విన్నది. దాని వెనకే దగ్గు వినపడింది. రెండుసార్లు దగ్గి, ఆగి, గొంతు సవరించుకోవడం. ఇరవై రెండేళ్ళుగా నేను వింటున్న దగ్గు. మా ఆయనది.

హలో అన్నానని అనుకుంటాను. అటునుంచి చాలా దగ్గరగా ఒక గొంతు వచ్చింది.

"ఊఁ. చెప్పు."

మన గొంతు మనకి బయటినుంచి వింటే వేరేలా ఉంటుంది, చాలామందికి గుర్తు పట్టడం కష్టం. నేను పాఠాల వీడియోలు తీసి పంపీ పంపీ ఫోనులో నా గొంతు ఎలా ఉంటుందో బాగా ఎరుగుదును. అది నా గొంతే. కాకపోతే ఏ తొందరా లేని గొంతు. నేను మాట్లాడేదాకా ఎంతసేపైనా ఆగేలా ఉంది. నేనే బటన్ నొక్కానో, అటువైపు పెట్టేశారో, కాల్ ఆగిపోయింది.

రూతు గోడ పట్టుకుని లేచింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చి ముందు నాకిచ్చింది. నేను తాగాక మిగిలినవి తను తాగింది. ఫోను ఎక్కడుందని అడిగింది. బడిలో బీరువాలో, ఆఫ్ చేసి ఉంది అన్నాను. తాళంచెవి తీసి చూపించాను. అప్పుడు మొత్తం చెప్పాను, మొదటినుంచీ. ఏడుస్తుందనుకున్నాను, కేకలు పెడుతుందనుకున్నాను. ఏదీ చేయలేదు. మిషను మీద గుడ్డ ముక్కలు ఒక్కొక్కటే మడత పెడుతూ వింది.

"మరి ఇన్నాళ్ళూ విన్నదెవరక్కా?" అంది చివరికి.

"నాకు తెలవదే" అన్నాను. "నేను మాత్రం ఏదీ వినలేదు. మళ్ళీ చెప్తావా?"

నా మొహంలోకి చూసింది. మళ్ళీ మొత్తమా అంది. మొత్తం అన్నాను. నా దగ్గర ఫోను లేదు. ఆమె ఫోను మిషను సొరుగులో పడేసింది. ఇద్దరం వసారాలో నేల మీద కూర్చున్నాం. ప్రసాదు ఆ రోజు పొద్దున లేచిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది. గుండీ సంగతి మళ్ళీ వచ్చింది. ఆ శుక్రవారం సంగతి కూడా వచ్చింది. దాన్ని ఇక్కడ రాయను. ఓదార్పు మాట నోటికి వచ్చినప్పుడల్లా మింగేశాను. చీకటి పడి లైటు వేసుకునేదాకా ఆమె చెప్తూనే ఉంది. నేను వింటూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి ఆమె ఆగితే, "ఊఁ, చెప్పు" అన్నాను. అన్నాక ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం. తర్వాత ఆమె చెప్పడం కొనసాగించింది.

ఇంటికి చేరేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను అడగకముందే, బీరువాలోంచి చిన్న చప్పుడు కూడా రాలేదు, ఒక్క క్షణం కూడా లేవలేదు అన్నారు. సైరన్ మోగిందా అని అడిగాను. మోగింది, పేలుడూ వినపడింది అన్నారు. ఆ వేళకి మీరు దగ్గారా అని అడిగాను. దగ్గి ఉంటాను, ఎందుకు అన్నారు. చెప్పాను. ఆయన లోపలికెళ్ళి మంచం మీద కూర్చుని, నేనొక్కణ్ణే ఉన్నాననుకున్నానే అన్నారు. యంత్రాల సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు నేనూ ఆయనా కలిసే వెళ్ళి బీరువా తీశాం. ఫోను పెట్టిన చోటే ఉంది. ఆన్ చేస్తే రూతు నంబరు నుంచి మిస్డ్ కాల్ అన్న మెసేజీ వచ్చింది. అంతే.

ఇది జరిగి కొన్ని నెలలైంది. వారానికి ఒకరోజు నందిగామ వెళ్ళి రూతు దగ్గర కూర్చుంటున్నాను. ఆ పూట ఇద్దరం ఫోన్లు ముట్టుకోం. ఆమె ఇప్పుడు ప్రసాదు గురించి తక్కువ, కొడుకు గురించి ఎక్కువ మాట్లాడుతోంది. మిగతా రోజుల్లో ఇప్పటికీ బడి వదిలాక వెనక గదిలో ఒంటరిగా కూర్చుంటాను. మా ఆయన మానెయ్యమన్నారు, నేను మానలేదు. ఆ గదిలో నాకెప్పుడూ ఏమీ కనపడలేదు, వినపడలేదు. నేనొక్కదాన్నే ఉన్నానని అనుకుంటాను. అంతకంటే గట్టిగా చెప్పలేను.

మొన్నీమధ్య రూతు ఒక సంగతి చెప్పింది. నాకు తెలియకుండా ఒకరోజు ఆ వేళకి నా నంబరుకి ఫోను చేసి చూసిందట. "స్విచ్ ఆఫ్ అని వచ్చిందక్కా" అంది. ఆ మాటలో ఉన్నది నిశ్చింతో, దిగులో నాకు తెలియలేదు. అడగాలనిపించలేదు.

నేను చేసి చూశానా అని ఈ సంగతి తెలిసినవాళ్ళు అడుగుతుంటారు. లేదు. పరీక్షించడానికి చేస్తే ఎత్తరని మా ఆయన విషయంలో తేలింది. ఎవరితోనూ అనుకోలేని మాట ఒకటి నిజంగా మనసులో పెట్టుకుని చేస్తే ఏమవుతుందో తెలియదు. అలాంటి మాటలు నాకూ ఉన్నాయి. ఒకటి రెండుసార్లు మా ఆయన ఫోను చేతిలోకి తీసుకుని నా నంబరు నొక్కాను. మోగకముందే ఆపేశాను.